‘వద్దు’ అని పేరు పెట్టిన ఫైలు

జూన్ 9, సోమవారం

పిల్లిని ఈ ఉదయం ఆస్పత్రిలో చేర్చారు. నూటమూడు జ్వరం, ఊపిరి పీలిస్తే కుడిపక్క పోటు. మరిది లిఫ్టు రిపేరు మధ్యలో వదిలేసి, చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా తీసుకొచ్చాడు. నేను వెళ్లేసరికి మంచం పక్కన నిలబడి “పిల్లీ, పిల్లీ” అంటున్నాడు. నర్సు మంచం కిందకి తొంగి చూసింది. పిల్లి అంటే అతని పెళ్లాం, మా చెల్లి అని, అది ముద్దుపేరని నేనే చెప్పాల్సి వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ ఛాతీ గుర్రుగుర్రుమంటూనే ఉంటుందని అమ్మ అలా పిలిచేది, ముప్పై ఆరేళ్లొచ్చినా ఆ పేరే నిలిచిపోయింది అన్నాను. నర్సు నవ్వలేదు. “పుట్టిన దగ్గర్నుంచా?” అని అడిగి ఏదో రాసుకుంది.

రాసుకునేంత ఏముంది అందులో? అది నర్సరీ టీచరు. ముప్పై మంది పిల్లల ముక్కులు తుడిచే మనిషికి జలుబు రాక ఇంకేం వస్తుంది.

జూన్ 10

న్యుమోనియా. కుడి ఊపిరితిత్తిలో నడిమి భాగం. మందు ఎక్కిస్తున్నారు. తగ్గిపోతుంది.

జూన్ 11

ల్యాబుకు వెళ్లాను. వెళ్లక తప్పదు, కణాలకు సెలవుల్లేవు. రోజు విడిచి రోజు వాటికి మేత మార్చాలి.

నేనేం పని చేస్తానని ఎవరైనా అడిగితే నాకంటే పిల్లే బాగా చెప్తుంది. మా అక్క జనం ముక్కుల్లోని పొరను డిష్షులో పెంచి, దానికి జలుబు తెప్పించి, ఇప్పుడెలా ఉందమ్మా అని అడుగుతుంది అంటుంది. నిజానికి అంతే. ముక్కులో చిన్న బ్రష్షు తిప్పి కాసిని కణాలు తీస్తాం. సన్నటి పొర మీద పెంచుతాం. కింద మేత, పైన గాలి. నెల తిరిగేసరికి అచ్చం శ్వాసనాళం లోపల ఉన్నట్టే తయారవుతాయి. కొన్ని కణాల నెత్తిన నూగు మొలుస్తుంది, కొన్ని జిగురు వదులుతాయి. నూగంతా ఒకేవైపు కొట్టుకుంటూ ఆ జిగురును, అందులో చిక్కిన దుమ్మునూ క్రిములనూ కలిపి బయటికి తోసేస్తుంది. అప్పుడు మేం వైరస్ వేస్తాం. అంటుకున్న కణం ఊరికే చావదు. చచ్చేలోపు పక్కవాటికి కబురు పెడుతుంది, నాకు అంటుకుంది, మీరు తలుపులేసుకోండి అని. ఇరుగుపొరుగు సర్దుకుంటాయి. కబుర్లు ఆగకుండా పోతే వాపు నిలిచిపోతుంది, నూగు రాలిపోతుంది, జిగురు కణాలు పెరిగిపోతాయి. పదిహేనేళ్లుగా నేను చూస్తున్నది ఇదే.

ఈ రోజు అన్ని డిష్షుల్లోనూ జిగురు మెల్లగా సుడి తిరుగుతోంది. అలా తిరిగితే నూగు బాగా కొట్టుకుంటోందని అర్థం. చూస్తూ కూర్చుండిపోయాను. మరిది మూడుసార్లు ఫోన్ చేస్తే వినపడలేదు.

జూన్ 12

ఛాతీ డాక్టర్ మరిదినీ నన్నూ కూర్చోబెట్టి చాలా అడిగాడు. చిన్నప్పుడు చెవులు కారేవా? మరిదికేం తెలుసు, నా వైపు చూశాడు. కారేవండీ, చిన్నపిల్లలకు కారతాయి కదా అన్నాను. ఏడాదిలో ఎన్ని నెలలు దగ్గుతుంది? మరిది వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఆగి, “దగ్గని నెల ఏదీ గుర్తు రావట్లేదండీ” అన్నాడు. పుట్టగానే ఆక్సిజన్ పెట్టారా? నాకప్పుడు అయిదేళ్లు, గుర్తులేదు అన్నాను.

గుర్తుంది. నాన్న నన్ను ఎత్తుకుని అద్దంలోంచి చూపించాడు. గాజుపెట్టెలో చేపలా ఉంది, ఇంటికి తీసుకెళ్లొద్దని ఏడ్చాను.

చివర్లో డాక్టర్, ఇంతకుముందు ఎవరైనా దీని గురించి ఏదైనా పరీక్ష చేశారా అని అడిగాడు. మామూలుగానే అడిగాడు, అందరినీ అడిగినట్టే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, “నేనెందుకు చేస్తానండీ?” అన్నాను. నిన్నెవరడిగారన్నట్టు చూశాడు.

జూన్ 12, మళ్లీ

పరీక్ష అంటే ఆస్పత్రిలో చేసేది. ల్యాబులో మేం చేసేది పరిశోధన. కణాలిచ్చినవాళ్లకు ఫలితాలు చెప్పకూడదని రూలే ఉంది. నేను అబద్ధం చెప్పలేదు.

జూన్ 14

కిందటి సెప్టెంబరు సంగతి రాసేస్తే మనసు తేలికపడుతుందేమో.

ఏ జబ్బూ లేనివాళ్ల కణాలు ఆరుగురివి కావాల్సొచ్చాయి. అయిదుగురు దొరికారు. ఆరో మనిషి కోసం మా ల్యాబు నడిపే మేడమ్ రోజూ అడిగేది. ఇలాంటప్పుడు ల్యాబు వాళ్లం అక్కనో చెల్లినో మొగుడినో పట్టుకొస్తాం, అందరూ చేసేదే. పిల్లిని రమ్మన్నాను. ముక్కులో బ్రష్షు తిప్పితే తుమ్మి, నవ్వి, మళ్లీ తుమ్మింది. ఫారం నేనే నింపాను. సిగరెట్లు: లేదు. ఉబ్బసం: లేదు. దీర్ఘకాలిక దగ్గు: లేదు. నేను టిక్కు పెడుతున్నంతసేపూ అది దగ్గుతూనే ఉంది. అబద్ధం రాస్తున్నానని ఆ నిమిషాన నిజంగా తోచలేదు. మా ఇంట్లో దాని దగ్గు గోడగడియారం చప్పుడు లాంటిది, ఎవరికీ వినపడదు.

నెల తర్వాత అయిదు డిష్షుల్లో జిగురు సుడి తిరుగుతోంది, ఆరోదాంట్లో కదలట్లేదు. మైక్రోస్కోపు కింద పెట్టాను. నూగు ఉంది. ఒత్తుగా, కొత్త టూత్‌బ్రష్ కుచ్చులా నిటారుగా ఉంది. కదలట్లేదు అంతే. కణాలు తీసిన వారం దానికి జలుబు. జలుబు చేస్తే నూగు ఆగిపోవడం మామూలే, కొన్ని వారాలకు మళ్లీ కోలుకుంటుంది. అదే కారణం అనుకున్నాను. పెంచిన కణాలు చెడిపోయాయన్న అర్థంలో రికార్డులో ‘కల్చర్ పాడైంది’ అని రాసి, డిష్షులో బ్లీచ్ పోసి పారేశాను. ఏమీ మిగల్లేదు.

జూన్ 15

జ్వరం తగ్గింది. సూప్ నాలుగు చెంచాలు తాగింది. బడిపిల్లలు రంగులేసి పంపిన కార్డులో దీనికి మీసాలూ తోకా పెట్టారు. పిల్లలక్కూడా తెలిసిపోయింది ఈ పేరు.

జూన్ 17

స్కాన్ చూపించాడు. నడిమి భాగంలో గొట్టాలు సాగి వదులైపోయాయి, చీము అక్కడే నిలిచిపోతోంది. ఇది వారం రోజుల్లో అయ్యింది కాదట, నెలలు పట్టిందట. కిందటి అక్టోబరులో బడి వాళ్లు తీయించిన ఎక్స్‌రే మరిది ఫైల్లో పెట్టుకొచ్చాడు. డాక్టర్ దాన్ని వెలుగులో పట్టి చూసి, ఇందులో శుభ్రంగానే ఉంది అన్నాడు. “ఈ ఏడెనిమిది నెలల్లోనే చెడింది. కారణం అప్పుడే తెలిసుంటే కాపాడుకునేవాళ్లమేమో.”

ఆ భాగం కోసి తీసేస్తారట. గురువారం, 26న. చెడింది ఒక్క చోటే కాబట్టి తీసేస్తే మిగతా ఊపిరితిత్తి బాగుంటుంది, కాకపోతే మిగతా చోట్ల ఏ లోపమూ ఉండకూడదు, అలా ఉన్నట్టు మనకేం ఆధారం లేదు అన్నాడు. మరిది సంతకం పెట్టాడు. పెన్ను నాదే.

జూన్ 18

ఇది ఎవరూ చదవరు. నిజం రాస్తాను.

జలుబు వల్ల నూగు ఆగేది ముక్కులో. డిష్షులో పెరిగేవి కొత్త కణాలు. అక్కడ క్రిమి లేదు, వాపు లేదు, శుభ్రమైన మేత. అక్కడ మొలిచే నూగు కొత్త నూగు. కణాలు తీసిన రోజు మనిషికి ఎంత జలుబున్నా సరే, నెలకు మొలిచిన నూగు కొట్టుకోవాలి. ముక్కులో ఆగితే జలుబు కావచ్చు, డిష్షులోనూ ఆగితే అది పుట్టుక లోపం. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం చెప్పే పాఠం ఇది. చెప్పేది నేనే.

పుట్టగానే ఆక్సిజన్, కారే చెవులు, వదలని జలుబు, తెమడ దగ్గు, గుర్రుగుర్రు. దీపం కిందే చీకటి అంటారు, కానీ నా విషయంలో అదీ నిజం కాదు. అక్టోబరు 24న నాకు వెలుగులోనే కనపడింది.

చెప్తే మేడమ్ ఫారం తీసి చూసేది. ఫారంలో నా చేతిరాత. మా పరిశోధన పేపరు పత్రికకు పంపడానికి మూడు వారాలే ఉంది. కొత్తవాళ్లకు నేర్పడానికి నా ముక్కు కణాలు ఎప్పుడూ ఒక డిష్షులో పెరుగుతూ ఉంటాయి. ఆ డిష్షు తెచ్చి ఆరో నంబరు చోట పెట్టాను. ‘కల్చర్ పాడైంది’ అన్న కాగితం చించేశాను. పేపరు అచ్చయింది. అందులో ఆరుగురు ఆరోగ్యవంతులు, ఆరో మనిషి మా చెల్లి. కణాలు నావి.

పిల్లి అని పేరు దానికి పెట్టారు గానీ, కళ్లు మూసుకుని పాలు తాగింది నేను.

జూన్ 19

మేడమ్‌తో మాట్లాడాలి.

జూన్ 20

మేడమ్ గదిలో ఎవరో ఉన్నారు.

జూన్ 21

మేడమ్ గదిలో ఎవరూ లేరు. నేనే వెళ్లలేదు.

డాక్టరుకు పేరు లేకుండా ఒక ఉత్తరం రాద్దామనుకున్నాను. ‘ఆమె శ్వాసనాళాల్లో నూగు కదలదు, ఆపరేషన్ చేయకండి’ అని. రాసి చదువుకుంటే పిచ్చివాళ్లు రాసినట్టుంది. ఆధారం లేని మాట ఎవరు నమ్ముతారు. చించేశాను. చించడం బాగా అలవాటైంది.

జూన్ 22, ఆదివారం

మరిది బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వెళ్తే సాయంత్రం దాకా నేనే ఉన్నాను. పిల్లి లేచి కూర్చుంది. మొహం పీక్కుపోయినా హుషారుగా ఉంది. ఆపరేషన్ అంటే భయం లేదట. బడిలో పొద్దున పాట పాడించేటప్పుడు ఎప్పుడూ మూడో చరణం దగ్గర దగ్గు వస్తుంది, పిల్లలు అలవాటుగా అక్కడ ఆగి, టీచర్ దగ్గాక మళ్లీ అందుకుంటారట. “కోసేస్తే ఇక ఆగక్కర్లేదు కదక్కా. పాపం వాళ్లు ఆ పాటలో దగ్గు కూడా ఒక చరణం అనుకుంటున్నారు” అని నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది.

దాహం అంది. పక్క మంచం వాళ్ల సీసాలో చల్లనీళ్లున్నాయి, అడిగి ఒక గుక్క పోయమంది. వెంటనే అనేశాను. “చల్లనీళ్లు, చల్లనీళ్లు. చిన్నప్పట్నుంచీ మొత్తుకుంటున్నా. ఒళ్లు నీ చేతులారా పాడుచేసుకున్నావు.”

అమ్మ అనేది ఈ మాట. అమ్మ పోయాక నేను అంటున్నాను. అది తలొంచుకుని, “సరేలే, గోరువెచ్చనివే ఇవ్వు” అంది.

ఇచ్చాను. తాగింది. నాకు దాని మొహం చూడబుద్ధి కాలేదు. తెలిసి కూడా ఆ మాట అనగలిగాను. ఒక కణానికి ఉన్న బుద్ధి నాకు లేదు, అది చచ్చేముందు కూడా పక్కదానికి కబురు చెప్తుంది. ఎనిమిది నెలలు తిని తిరిగి నిద్రపోయి, దాన్నే తిట్టాను.

జూన్ 14న ఏమీ మిగల్లేదని రాశాను. అదీ అబద్ధమే. పారేసేముందు పది సెకన్ల వీడియో తీశాను. ల్యాబు కంప్యూటర్లో ఉంది. ఫైలు పేరు ‘వద్దు’. కణాలు కూడా ఒక చిన్న గొట్టంలో గడ్డకట్టించి ఫ్రీజరు అట్టడుగున దాచాను. ఎందుకు దాచానో తెలీదు. పారేయడానికి చెయ్యి రాలేదు.

జూన్ 23

తొమ్మిదింటికే మేడమ్ గదిలోకి వెళ్లి తలుపేశాను. కూర్చోమంది, కూర్చోలేదు. వీడియో చూపించాను. మూడుసార్లు చూసింది. ఎవరిదని అడిగింది.

“ఆరో నంబరు. మా చెల్లిది. పేపర్లో ఉన్నవి నావి.”

అన్నీ చెప్పాను, ఫారం, టిక్కు, చించిన కాగితం, ఆస్పత్రి, గురువారం. మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేది. ఫ్రీజర్లో గొట్టం ఉందా అని మాత్రం అడిగింది. ఉందన్నాను. రేపే తీసి పెంచడం మొదలుపెడదాం, కానీ నువ్వు ముట్టుకోవద్దు అంది.

“ముందు ఆ డాక్టరు దగ్గరికి వెళ్లు. మన సంగతి తర్వాత.” నేను తలుపు తీస్తుంటే మళ్లీ అంది. “తర్వాత అంటే మర్చిపోతానని కాదు.”

జూన్ 24

డాక్టర్ రౌండ్స్ ఆపి మరీ వీడియో చూశాడు. ఎడమపక్క ఆరోగ్యంగా ఉన్న కణాలు, కుడిపక్క పిల్లివి. ఎడమపక్క నూగు గాలికి ఊగుతున్న పైరులా ఉంది. కుడిపక్క ఫోటోలా ఉంది.

గురువారం ఆపరేషన్ వద్దన్నాడు. ఈ లోపం ఒక్క చోట ఉండేది కాదు, ముక్కు నుంచి చివరి గొట్టం దాకా అదే నూగు. ఈ భాగం కోసేస్తే చీము పక్క భాగంలో చేరుతుంది, అప్పుడు దాన్నీ కోస్తామా అన్నాడు. ఇక రోజూ రెండు పూటలా వీపు తట్టి తెమడ రప్పించాలి, ఉప్పునీటి ఆవిరి పట్టాలి, జ్వరం తగిలిన మొదటి రోజే మందు వేయాలి. చెడిన భాగం తిరిగి రాదు. మిగిలింది నిలబెట్టుకోవచ్చు. ఆస్పత్రి తరఫున కూడా పరీక్షలకు పంపుతాం, మీ గొట్టంలో కణాలు మళ్లీ పెరిగాక అవీ చూస్తాం అన్నాడు.

వీడియో మూల మీద తేదీ ఉంది. డాక్టర్ చదివాడు. నా వైపు చూశాడు. మరిదీ చదివాడు.

“వదినా, అక్టోబరా?”

అవునన్నాను. ఎక్స్‌రే ఫైలు చంకలో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆరేళ్లలో అతను నాకు ఎదురు చెప్పడం ఒక్కసారి చూడలేదు, ఇవాళా చెప్పలేదు. కారిడార్లో గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

జూన్ 25

పిల్లికి నేనే చెప్పాలి అన్నాడు మరిది. చెప్పాను. మొదట అర్థం కాలేదు. చూపించమంది. ఫోన్లో రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను.

“ఇందులో నాదేది?”

కుడివైపుది చూపించాను. చాలాసేపు చూసింది, ఇప్పుడో అప్పుడో కదులుతుందేమో అన్నట్టు. ఎడమవైపుది ఎవరిదంది. నాది అన్నాను. బాగుంది అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది. అది ఇంకా కష్టంగా ఉంది.

“అయితే ఇది పుట్టుకతోనే వచ్చిందా?”

“అవును.”

“చల్లనీళ్ల వల్ల కాదా? తడి జుట్టు, ఫ్యాను కింద పడుకోవడం, వానలో తడవడం, ఏదీ కాదా?”

“ఏదీ కాదు.”

కళ్లనిండా నీళ్లొచ్చాయి దానికి. తుడుచుకోలేదు. చిన్నప్పుడు ఎండాకాలం మేమందరం ఐస్ తింటుంటే అది గుమ్మంలో కూర్చుని చూసేది, గుర్తుందా అని అడిగింది. గుర్తుంది. నా చేతిలోది దానికి కనపడకుండా తిరిగి కూర్చుని తినేదాన్ని, దయగా ఉంటున్నాననుకుని.

“మొన్న ఆదివారం కూడా తిట్టావు.”

“అవును.”

“అప్పటికి నీకు తెలుసు.”

“తెలుసు.”

నన్ను కొట్టినా బాగుండు. ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టింది. “ఇక వెళ్లక్కా. ఆయన్ని లోపలికి పంపించు.”

జూన్ 29

ఇంటికి పంపించారు. నాకు చెప్పలేదు. వార్డుకు వెళ్తే మంచం మీద వేరే మనిషి ఉంది.

జూలై 4

మేడమ్ పత్రికకు ఉత్తరం రాసింది, ఆరో నంబరు తప్పు అని, ఎలా తప్పో కూడా. నా పేరు ఉంది అందులో. నన్ను కల్చర్ రూమ్ నుంచి తీసేసి గాజుసామాను కడిగే చోట వేశారు. విచారణ అయ్యేదాకా అక్కడే. ఇంతకన్నా మర్యాదగా ఎవరూ చేయరు.

జూలై 11

ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జూలై 12

ఎత్తలేదు.

జూలై 19

చెయ్యలేదు. జీతం లేని నర్సులా రోజూ ఆరోగ్యం కనుక్కోవడానికి ఏ మొహం పెట్టుకుని చేయను.

జూలై 30

గొట్టంలో కణాలు పెరిగాయి. అయిదు వారాలు. మేడమ్ పిలిచి చూపించింది, ముట్టుకోనివ్వలేదు. నూగు ఒత్తుగా మొలిచింది. కదలట్లేదు. ఆస్పత్రి పరీక్షలోనూ అదే వచ్చింది. డిష్షు మీద నంబరు లేదు, మేడమ్ పెన్నుతో చెల్లి పూర్తి పేరు రాసింది. దాని అసలు పేరు నేను అక్షరాలుగా చూసి ఎన్నాళ్లయిందో.

ఆగస్టు 3, ఆదివారం

పొద్దున మరిది ఫోన్ చేశాడు. ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారట, వెంటనే వెళ్లాలి, పదింటికి చెల్లి వీపు తట్టాలి. “వదినా, తను అడగమనలేదు. నేనే అడుగుతున్నాను” అన్నాడు. చెల్లి అన్నాడు, తను అన్నాడు, పిల్లి అనలేదు.

వెళ్లాను. తలుపు తీసి, పక్కకు తప్పుకుంది. సన్నబడింది, కానీ మొహంలో రక్తం కనపడుతోంది. ఆవిరి గిన్నె, తువ్వాలు, బల్ల మీద రోజూ నింపే పట్టిక, అందులో నెల రోజులూ మరిది చేతిరాతే. చేతులు ఎలా డొప్పలా పట్టి తట్టాలో నేర్చుకునే వచ్చాను, ఆ మాట చెప్పబోయి ఊరుకున్నాను.

కూర్చోమనలేదు, కూర్చున్నాను. అది ఫ్రిజ్ తెరిచి సీసా తీసింది. చెమటలు పట్టి ఉంది సీసా. గ్లాసు నిండా పోసుకుని నా ఎదురుగా నిలబడి, నా కళ్లలోకి చూస్తూ తాగడం మొదలుపెట్టింది. తొందర లేకుండా, గుక్క గుక్కగా, అడుగుదాకా తాగింది. తర్వాత దగ్గింది, మామూలుగా ఎప్పుడూ దగ్గినట్టే.

“ఏమైనా అంటావా?”

“లేదు.”

గ్లాసు నా ముందుకు జరిపింది. నేను లేచి సీసా తీసుకుని మళ్లీ నింపాను.